పరిచర్య విద్య యైన విధము

మా బంధువర్గములో నెల్లూరు పట్టణమున స్థిరపడిన యొక కుటుంబము కలదు. ఆ యింటి బాలిక ఇంటర్మీడియటు ముగించి, నర్సింగు పట్టపరీక్షకు చదువుదునని చెప్పిననాడు ఇంటిల్లిపాదియు మాటలేక యూరకుండిరట. తుదకు బాలిక నాయనమ్మ నోరు విప్పి, “నర్సు చదువా? ఊళ్ళో మొగవాళ్ళ ఒళ్ళంతా ముట్టుకునే పని మన ఇంటా వంటా ఉందా తల్లీ?” అనెను. ఆ వృద్ధురాలు చాలకాలమునుండి మధుమేహముతో బాధపడుచున్నది. అంతకు ముందు నెలలోనే కాలిపుండుతో ఆసుపత్రిలో పదునొకండు దినములుండి వచ్చినది. బాలిక తడుముకొనక, “ఆసుపత్రిలో రోజూ నీ కాలు ముట్టుకుని కడిగిందెవరవ్వా?” అని యడిగెనట. ఈ సంగతి వినినప్పుడు నవ్వితిని. తరువాత నాలోచింపగా నెల్లూరు సీమలో రోగిపరిచర్య చరిత్రమంతయు నా రెండు ప్రశ్నల నడుమనే యున్నదని తోచినది. ముట్టువారెవరు, ముట్టించుకొనువారెవరు, ముట్టినవారికి మనమిచ్చిన మర్యాద యెట్టిదియను విషయమును విచారింపక యీ వృత్తి విశ్వవిద్యాలయము వఱకు నడచిన దారి బోధపడదు.

పూర్వము మన గృహములలో రోగిని జూచుకొను భారము స్త్రీలది. తల్లియో, కోడలో, పుట్టినింట నిలిచిపోయిన వితంతువో రాత్రులు మేల్కొని గంజి కాచుచు, ఒళ్ళు తుడుచుచు, విసనకఱ్ఱతో విసరుచు నుండెడిది. దానికి విద్యయను పేరు లేదు, జీతమును లేదు. ఇంటివారు చేయనొల్లని పని మాత్రమొకటి మిగులుచుండెను. అది పురుటిగదిలోని పని. దానికై మంగలివారి యాడువారో, మాల మాదిగ కుటుంబముల స్త్రీలో మంత్రసానులుగా వచ్చెడివారు. తల్లిని బిడ్డను వారి చేతులలో బెట్టి, గండము గడచిన పిమ్మట వారు ముట్టిన గదిని మైలయని కడుగుకొనుచుంటిమి. తీరప్రాంతమున యానాదులు వేళ్ళును ఆకులును ఎఱిగినవారని, పాముకాటునకు మందు తెలిసినవారని ప్రసిద్ధి. వారి యెఱుకయు నే గ్రంథమునకు నెక్కలేదు. శాస్త్రము చదివిన వైద్యుడు నాడి జూచి లేచిపోవును. గోషాలోనున్న స్త్రీ యైనచో నా నాడియు నందదు. తెలివి యున్నచోట చేయి లేదు, చేయి యున్నచోట మర్యాద లేదు.

ఇది మనకొక్కరికే చెల్లిన దోషమనుకొనరాదు. ఇంగ్లండులోను పందొమ్మిదవ శతాబ్ది నడుమవఱకు ఆసుపత్రి పరిచారిక యనగా వేఱొక పని దొరకక వచ్చిన యాడుదియని చులకన యుండెను. సంపన్నకుటుంబమున బుట్టిన ఫ్లారెన్సు నైటింగేలు ఈ పనికి బోవుదునన్నప్పుడు ఆమె తల్లియు అక్కయు దుఃఖించిరి. క్రిమియా యుద్ధానంతరము ఆమె పేర చేరిన నిధితో 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రియందు పరిచారికల పాఠశాల వెలసెను. పదునొకండు సంవత్సరములకు, అనగా 1871లో, మద్రాసు జనరలు ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ మారంభమయ్యెను. బోధించిన నర్సులు ఇంగ్లండునుండి వచ్చినవారు.

నెల్లూరు సీమకు ఈ విద్య ప్రభుత్వముకంటె ముందుగ క్రైస్తవ మిషనుల మూలమున వచ్చినది. అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన శామ్యూలు డే 1840లో నెల్లూరు చేరెను. చాలకాలము ఫలమేమియు గానరాకుండుటచే నీ మిషనును మూసివేయుదమాయని అమెరికాలో పలుమారులు తర్కించిరి. పటములో ఒంటరిగ నున్నదగుటచే దీనికి ‘ఒంటిచుక్క మిషను’ అను పేరు కలిగెను. తరువాత 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన కఱవు వచ్చినది. అప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడుగాని విడిపోలేదు. ఒంగోలులోనుండిన జాన్ క్లౌ అను మిషనరీ, సముద్రము వెంబడి త్రవ్వుచున్న బకింగుహాము కాలువలో మూడు మైళ్ళ పని కంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి కూలి యిచ్చెను. వారిలో పెక్కుమంది మాదిగలు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున నొక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మతమునకై వచ్చిరా, అన్నమునకై వచ్చిరాయని నాడును వాదించిరి, నేడును వాదింతురు. మిషనులకు మతవ్యాప్తియే ప్రధానోద్దేశమనుట దాచవలసిన సంగతి కాదు. ప్రస్తుతవిషయమునకు గావలసినదేమనగా, ఏ కుటుంబముల నీడ సోకిన స్నానము చేయుచుంటిమో ఆ కుటుంబముల బాలికలకు బడి దొరకెను. బడి వెనుక ఆసుపత్రియు దొరకెను.

ఇరువదవ శతాబ్దారంభమున నెల్లూరిలో నీ మిషనువారు స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగ నొక యాసుపత్రిని నడపుచుండిరి. డాక్టరు లీనా బెంజమిను అను అమెరికను వైద్యురాలు అందు పనిచేసెను. గుంటూరిలో లూథరను మిషను పక్షమున 1883లో వచ్చిన డాక్టరు అన్నా కూగ్లరు పేరు మన తల్లులకు సుపరిచితము. స్త్రీలకు వేఱుగ నాసుపత్రులెందుకనగా, మగవైద్యుని యెదుట పడుటకంటె చచ్చుటయే మేలని యెంచు గృహములు నాడు పెక్కు లుండెను. వైద్యురాలు విదేశమునుండి వచ్చెను. రాత్రియెల్ల మంచముకడ కూర్చుండి, దాహమన్నప్పుడు నీరందించి, తెలుగులో ధైర్యము చెప్పుటకు విదేశమునుండి యెవరు రాగలరు? ఆ పనికి మిషను పాఠశాలలలో చదివిన మన బాలికలే నిలిచిరి. అగ్రవర్ణస్త్రీలు ఆసుపత్రి కూడు తినరు. బంధువులు వెంట వచ్చి వేఱుగ వండుకొనెడివారు. ఏలూరి రాజా భుజంగరావుగారు గుంటూరి యాసుపత్రి నాశ్రయించిన హిందువుల బంధువులకై సత్రమే కట్టించిరి. అన్నము వేఱుగ వండుకొనవచ్చును గాని కాన్పు వేఱుగ కాదు, పుండు కట్టు వేఱుగ కాదు. వీథిలో నెదురుపడిన ప్రక్కకు తొలగవలసిన పిల్ల, వార్డులో తెల్లచీర గట్టి, గొప్పయింటి యిల్లాలి ముంజేయి పట్టుకొని నాడి లెక్కించెను. మన సంస్కరణ చరిత్రలలో వితంతువివాహములకును దేవాలయప్రవేశమునకును ఇచ్చిన పుటలలో నొక పుటయైన నీ ముంజేతికి ఇయ్యవలసినది.

ఆ నాటి శిక్షణ మెట్టిదో కొంచెము చెప్పవలెను. అది చదువుకంటె కొలువునకు దగ్గఱ. శిష్యురాలు తెల్లవాఱకమున్నె లేచి వార్డు శుభ్రముచేసి, పరికరములు కాచి, పక్కలు మార్చి, పగలెల్ల పనిచేసి, అలసిన కన్నులతో సాయంకాలము వైద్యుని యుపన్యాసము వినవలెను. ఆసుపత్రి నడచుటకు జీతమక్కరలేని చేతులు కావలెను. ఆ చేతులు శిష్యురాండ్రవి. ఏల చేయవలెనో చెప్పుట తక్కువ, ఎట్లు చేయవలెనో చెప్పుట యెక్కువ. అయినను ఆ శిక్షణలో నొక సుగుణము కలదు: రోగిని విడిచి చదువు లేదు. 1908లో శిక్షితనర్సుల సంఘము దేశమున నేర్పడినది. 1926లో మద్రాసు శాసనసభ నర్సుల మంత్రసానుల చట్టమును గావింపగా, పరీక్షయిచ్చి పట్టికలో పేరెక్కినవారికిని, ఎక్కనివారికిని భేద మేర్పడెను.

ఈ సందర్భమున మన సంస్కర్తలను గూర్చి యొకమాట. స్త్రీలకు విద్య కావలెనని, వితంతువునకు స్వతంత్రజీవనము కావలెనని వీరేశలింగము పంతులుగారి నాటినుండి చెప్పుచునే వచ్చితిమి. 1912లో మద్రాసులో సుబ్బలక్ష్మిగారు స్థాపించిన వితంతుశరణాలయము నుండి ఉపాధ్యాయినులు బయలుదేరిరి. నెల్లూరిలో పొణకా కనకమ్మగారు 1923లో స్థాపించిన కస్తూరిదేవీ విద్యాలయము బాలికల చదువునకు దీపమైనది. కాని చదివిన బ్రాహ్మణ వితంతువునకు మనము చూపిన దారి సామాన్యముగ నుపాధ్యాయినీత్వమే. పలకను ముట్టిన మైల లేదు గదా! నర్సును కరుణామూర్తియని వ్యాసములలో పొగడితిమి, కూతునంపుమన్నప్పుడు తలవంచుకొంటిమి. మద్రాసులో దుర్గాబాయిగారి ఆంధ్రమహిళాసభ వైద్యశాలను నెలకొల్పి, పరిచర్యలో శిక్షణ మిచ్చుటకు పూనుకొనుట యీ తలవంపును గొంత తీర్చినది.

ఇక పట్టము మాట. 1943లో సర్ జోసెఫ్ భోరు అధ్యక్షతను ప్రభుత్వము నియమించిన యారోగ్యసంఘము 1946లో తన నివేదికను సమర్పించినది. బ్రిటిషు ఇండియా యంతట నర్సులు సుమారు 7,000 మంది. 43,000 మంది ప్రజలకు ఒక్కతె. ఇంగ్లండులో నప్పుడు 300 మందికి ఒకతె యుండెను. ఆ 1946వ సంవత్సరమందే ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగునకు బి.ఎస్‌సి. పట్టము ప్రారంభమయ్యెను. వేలూరు మన కెంత దూరము? గూడూరు, రేణిగుంట, కాట్పాడి మీదుగ రైలు నెక్కిన చేరు దూరము. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయము 1909లోనే నర్సింగు పాఠశాలను తనలో జేర్చుకొన్నది. నైటింగేలు దేశమున నర్సింగు పట్టము తొలుత ఎడింబరోలో 1960లో గాని రాలేదు. అనగా మన దేశము ఆమె దేశముకంటె పదునాలుగేండ్లు ముందు నడచినది. మనము ముందున్న విషయములు కొలదియే గనుక దీనిని జ్ఞాపకముంచుకొనుటలో తప్పులేదు. తరువాత 1986లో విజయవాడలో ఆరోగ్యవిశ్వవిద్యాలయ మేర్పడగా, నెల్లూరులోని నర్సింగు కళాశాలలును దాని క్రిందికి వచ్చినవి. నేడు మా బంధువుల బాలిక ఇల్లు విడువకయే యీ పట్టమునకు చదువుచున్నది.

చదువు నాలుగేండ్లు. 2021లో భారత నర్సింగు కౌన్సిలువారు పాఠ్యప్రణాళికను మార్చి, దానిని ఎనిమిది సెమిస్టరులుగ విభజించిరి. ఇంతకుమున్ను వైద్య శస్త్రచికిత్సా పరిచర్యయని వ్యవహరించుచుండిన భాగమునకు ‘వయోజనారోగ్య పరిచర్య’ యను నర్థము గల పేరు పెట్టి, మూడవ నాలుగవ సెమిస్టరులలో నుంచిరి. వ్యాధి శరీరములో నెట్లు పుట్టి యెట్లు పెరుగునను శాస్త్రమును దానితోనే కలిపిరి. వృద్ధుల పరిచర్యయు, నయము కాని వ్యాధులలో బాధోపశమనమును అందే చేరినవి. ఈ పేరు మార్పు చిన్నదిగ దోచవచ్చును. మొదటి పేరు వైద్యుని పనిని బట్టి వచ్చినది. రెండవది రోగిని బట్టి వచ్చినది. నా కిందులో గొప్ప విశేషము కనబడుచున్నది.

వయోజనుడైన రోగి యనగా నెవరు? మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె మొదలగు తీరగ్రామములనుండి వచ్చు నొక బెస్తవానిని దలచుకొందము. ఏబదియేండ్లవాడు, ఇంటికి సంపాదించువాడు, మధుమేహరోగి. పాదమున చిన్నపుండుతో వచ్చినాడు. ఎప్పుడు తగిలినదని యడిగిన తెలియదనును. అబద్ధము కాదు. చక్కెర చాలకాలము హెచ్చుగనుండుటచే పాదములలోని నరములు మొద్దుబాఱినవి. ఆలిచిప్ప గ్రుచ్చుకొన్నను, ఇసుక కాల్చినను నొప్పి తెలియదు. రక్తప్రసరణము తగ్గుటచే పుండు మానదు. వైద్యుడు మందు వ్రాయును. ఆ మనుష్యుని దినచర్యలో నా మందు నిలుచునట్లు చేయుట పరిచారిక పని. ప్రతిరాత్రి యరికాళ్ళు చూచుకొనుమని, తనకు కనబడనిచో భార్యచేత చూపించుకొనుమని, వేన్నీళ్ళ వేడిని కాలితో గాక మోచేతితో పరీక్షింపుమని, వ్రేళ్ళ నడుమ తడి యుంచవలదని, ఇసుకలో వట్టికాళ్ళతో నడువవలదని ఆమె చెప్పవలెను. పడవ నీటిలోనికి నెట్టువాడు చెప్పులతో నెట్లు నెట్టునని అతడడుగును. పుస్తకమున దానికి సమాధానము లేదు. అతనితో కూర్చుండి యాలోచింపవలెను.

వేఱొక మంచమున నొక ముత్తైదువ. ఇన్సులిను సూది యుదయమే వేయవలెను. ఆ దినము ఏకాదశి. ఆమె యుపవాసమున్న సంగతి యెవరికిని చెప్పలేదు. అన్నము లేక ఇన్సులిను పడిన కొంతసేపటికి చెమటలు, వణకు, కన్నులు చీకట్లు, తరువాత స్పృహ తప్పుట. “ఏమైనా తిన్నారా అమ్మా?” యను ప్రశ్న సూదికి ముందడిగిన నర్సు ఆమె ప్రాణము కాచినది. ఆ ప్రశ్న దయవలన మాత్రమే పుట్టదు. ఇన్సులిను రక్తములో నేమి చేయునో తెలియుటవలన పుట్టును. పంచాంగము తెలిసిన నర్సుకు మఱింత త్వరగా పుట్టును!

మూడవది రాత్రి రెండు గంటల వేళ. సాయంకాలము కడుపునకు శస్త్రచికిత్స జరిగినవాడు నిద్రించుచున్నట్లే యున్నాడు. నాడి హెచ్చుచున్నది, చర్మము చల్లబడి చెమర్చుచున్నది, మూత్రము తగ్గినది. కట్టుపైన నెత్తుటి చుక్క లేదు. రక్తపుపోటు ఇంకను బాగుగనే కనబడవచ్చును. ఎందుకనగా శరీరము తుదివఱకు దానిని నిలుపుకొన బ్రయత్నించును. లోపల నెత్తురు పోవుచున్నదేమోయని యనుమానించి, నిద్రించు వైద్యుని లేపి, తాను చూచినదానిని వరుసగా చెప్పగల ధైర్యము కావలెను. పూర్వకాలపు శిష్యురాలు అంకెలు వ్రాసి యుదయమునకై వేచియుండెనేమో. ఆమెకు తెలివి తక్కువయై కాదు. అనుమానించు నధికార మామె కెవ్వరు నియ్యలేదు. పట్టము వలన గలిగిన లాభమేమని యడిగినవారికి ఈ యర్ధరాత్రపు పిలుపునే చూపుదును. పక్షవాతముతో పడియున్నవానిని రెండు గంటల కొకమాఱు ప్రక్కకు త్రిప్పుటయు నిట్టిదే. ఎముక యుబికిన చోట్ల బరువు నిలిచి నెత్తురాడక చర్మము చచ్చును. నడుము క్రింద, మడమలవద్ద పడకపుండ్లు పడును. త్రిప్పుట చూచుటకు కూలిపని. ఏల, ఎప్పుడు, ఎంతవఱకనునది శాస్త్రము.

మన తీరమునకు మఱియొక రోగి కలడు, సముద్రుడు. 1927 నవంబరులో నెల్లూరును ముంచిన గాలివానను పెద్దలు చాలకాలము చెప్పుకొనిరి. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన తుపాను ఇండ్లను, తోటలను నేలమట్టము చేసినది. గాలి తగ్గిన పిదప తాగునీరు చెడును, అతిసారము వచ్చును, నిత్యము మందు మ్రింగువారికి మందు దొరకదు. ఇట్టి వేళల వార్డులో నేర్చిన విద్య వీథికి రావలెను. పట్టపు చదువులో సమాజారోగ్య పరిచర్య నందుకే చేర్చినారు.

ఇంత చెప్పిన పిమ్మట లోపములు దాచుట న్యాయము కాదు. పట్టమునకు గిరాకి హెచ్చినకొలది కళాశాలలు హెచ్చినవి. కొన్నిట తరగతిగదులు మిలమిలలాడును గాని, శిష్యులకు చాలినంతమంది రోగులు కనబడరు. బొమ్మకు పదిమాఱులు సూది వేసినవారు జీవముగల రక్తనాళముకడ వణకుదురు. మఱికొన్నిచోట్ల దీనికి విరుద్ధము: శిక్షణమను పేర శిష్యులచే వార్డులు నడిపించి, పాత కాలపు జీతములేని చేతుల పద్ధతినే క్రొత్త పేరుతో నడపుదురు. పాఠములన్నియు నింగ్లీషున జరుగును. రోగి మాత్రము ఆయాసమనును, తిమ్మిరి యనును, గుండెదడ యనును, వాయువనును. ఈ మాటలలో నేది హృద్రోగమో, ఏది యజీర్ణమో విడదీయుట యే పరీక్షలోను అడుగరు. తెలుగున మంచి పరిచర్యాగ్రంథము లింకను రావలసియున్నవి.

పట్టము పుచ్చుకొని గల్ఫు దేశములకో, ఇంగ్లండునకో పోవుచున్నారని నిందించువారు పెక్కురు. ఇంగ్లండులో నర్సుల పట్టికయందు వయోజనులకు, శిశువులకు, మనోవ్యాధులకు, బుద్ధిమాంద్యమునకు వేఱువేఱు శాఖలు కలవు. 2013 నుండి యచట క్రొత్తగ నర్సు కాగోరువారికి పట్టము తప్పనిసరి. మన బి.ఎస్‌సి. చదివిన బాలిక యచట సామాన్యముగ వయోజన శాఖలో చేరును. వెళ్ళువారిని నిందింపను. ఇచట రాత్రియెల్ల వార్డును మోయు పట్టభద్రురాలికి కొన్ని ప్రైవేటు ఆసుపత్రు లిచ్చు జీతమును ముందు విచారించి, ఆ పిమ్మట దేశభక్తిని గూర్చి మాటలాడవలెను. పురుషులును ఈ చదువునకు వచ్చుచున్నారు. పరిచర్య స్త్రీస్వభావమని మనము వ్రాసిన వ్యాసములకు వారే ప్రత్యుత్తరము.

మా బంధువుల బాలిక యిప్పుడు నాలుగవ సెమిస్టరులో నున్నది. మొన్న సంక్రాంతికి నేను వారింటికి పోయితిని. భోజనములైన పిదప నాయనమ్మ వసారాలో కూర్చుండి, ఎవరును చెప్పకయే కాలు చాచి మనుమరాలి యొడిలో బెట్టెను. బాలిక చేతులు కడిగికొని వచ్చి, అరికాలు వెలుతురునకు త్రిప్పి, వ్రేళ్ళ సందులు చూచి, మడమవద్ద నొకచోట వ్రేలు నిలిపి, “మళ్ళీ చెప్పుల్లేకుండా తిరిగావా?” అని యడిగెను. నాయనమ్మ నా వంక చూచి, “విన్నావా నాయనా, చెప్పులేసుకుని గుడికి పొమ్మంటుంది!” అనెను. “గుడి వాకిలి దాకా వేసుకో అవ్వా, లోపలికి నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను,” అని చెప్పి బాలిక రెండవ కాలిని యందుకొనెను.